చాక్లెట్ సిస్టును కరిగిస్తామనే మందుల కోర్సు కొనబోయేవారికి హెచ్చరిక

ఎండోమెట్రియోసిస్ (గర్భాశయపు లోపలి పొరను పోలిన కణజాలం గర్భాశయం వెలుపల పెరిగే జబ్బు) వల్ల అండాశయంలో ఏర్పడే తిత్తులను, అంటే చాక్లెట్ సిస్టులను, ఆపరేషన్ లేకుండా పూర్తిగా కరిగిస్తామంటూ ఆన్‌లైన్‌లో అమ్ముతున్న ఒక మూలికల కోర్సును మా చెల్లెలి కోసం తెప్పించాం. కోర్సు ముగిశాక తీయించిన స్కానింగులో తిత్తి తగ్గకపోగా కొంత పెరిగింది. డబ్బు వాపసు అడిగితే పథ్యం సరిగా పాటించలేదన్న జవాబు వచ్చింది.

అమ్మకందారులు రుజువుగా చూపేవి వాడకముందు ఒకటి, వాడిన తరువాత ఒకటి, రెండు స్కానింగు చిత్రాలు. అండం విడుదలయ్యే క్రమంలో ఏర్పడే మామూలు తిత్తులు, వాటిలో రక్తం చేరినవి సైతం, చాలావరకు రెండు మూడు నెలసరుల్లో ఏ మందూ లేకుండానే పోతాయి. అలా పోయిన తిత్తి బొమ్మ పక్కన తమ సీసాను నిలబెట్టి ఆ ఘనతను దానికి కట్టబెడుతున్నారు. చాక్లెట్ సిస్టు సంగతి వేరు. గర్భాశయపు లోపలి పొరను పోలిన కణజాలం అండాశయంలో చేరి, నెలనెలా స్రవించిన రక్తం బయటికి పోయే దారి లేక చిక్కటి గోధుమరంగు ద్రవంగా నిలిచిపోవడం వల్ల ఏర్పడే ఈ తిత్తి సాధారణంగా తనంతట తాను మాయం కాదు. యోని ద్వారా చేసే అల్ట్రాసౌండులో లోపలి ద్రవం గరుకు గాజులా ఒకే తీరున మసకగా కనిపిస్తుంది. కాబట్టి వారు చూపే చిత్రం అసలు ఏ రకం తిత్తిదో ముందుగా అడగండి. మాకు జవాబు రాలేదు.

కోర్సుతోపాటు సీఏ 125 అనే ప్రోటీన్ రక్తంలో ఎంత ఉందో చూసే పరీక్షను కూడా అంటగట్టారు. 35 దాటితే జబ్బు ఖాయమట, తగ్గితే నయమైనట్టేనట! నెలసరి రోజుల్లోనూ, ఫైబ్రాయిడ్లు (గర్భాశయంలో పెరిగే క్యాన్సర్ కాని గడ్డలు) ఉన్నప్పుడూ ఆ సంఖ్య పెరగవచ్చు. ఎండోమెట్రియోసిస్ నిర్ధారణకు ఇలాంటి రక్త సూచికలను వాడవద్దని 2022 నాటి యూరోపియన్ మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి.

డైనోజెస్ట్ వంటి హార్మోన్ మందులు నొప్పిని అదుపు చేస్తాయి, తిత్తిని కొంత కుదించగలవు, కానీ పూర్తిగా పోగొడతాయన్న హామీ లేదు. లాపరోస్కోపీలో, అంటే చిన్న కోతల ద్వారా కెమెరా సాయంతో చేసే ఆపరేషన్‌లో, ద్రవాన్ని తోడి వదిలేయడం కంటే తిత్తి గోడను ఒలిచి తీసేస్తే తిరగబెట్టే అవకాశం తగ్గుతుంది. అయితే దానివల్ల అండాల నిల్వ కూడా కొంత తగ్గవచ్చు కనుక, పిల్లలు కావాలనుకునేవారు అండాల నిల్వను అంచనా వేసే ఏఎంహెచ్ రక్తపరీక్ష గురించి ముందే వైద్యులతో మాట్లాడాలి. ఆపరేషన్ పట్ల ఉండే న్యాయమైన ఈ భయాన్నే అమ్మకందారులు సొమ్ము చేసుకుంటున్నారు.

నొప్పి పెరిగితే తిత్తి కరుగుతున్నట్టు గుర్తు, ఓర్చుకోమని వారు పంపిన సందేశం అన్నిటికన్నా ప్రమాదకరమైనది. ఉన్నట్టుండి పొత్తికడుపులో భరించలేని నొప్పి, వాంతులు, జ్వరం, కళ్లు తిరగడం వంటివి కనిపిస్తే అండాశయం మెలిపడి ఉండవచ్చు, తిత్తి పగిలి ఉండవచ్చు. వెంటనే ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లాలి.