సరోగసీ "ప్యాకేజీ" అంటూ వస్తే అడ్వాన్స్ కట్టకండి: పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వాళ్లకి

పిల్లల కోసం ఆస్పత్రుల చుట్టూ తిరుగుతున్న, ఒడిశాలో మన వైపు తెలుగువాళ్లకి ఈ జాగ్రత్త. సరోగసీ అంటే మన బిడ్డని వేరొకామె తన కడుపున మోసి కని ఇవ్వడం. విశాఖ ఆస్పత్రి పేరు చెప్పుకుని ఒక ఏజెంటు ఇక్కడ తిరుగుతున్నాడు. ప్యాకేజీ 18 లక్షలట. ఆస్పత్రి, మోసే "అమ్మాయి", మెడికల్ బోర్డు సర్టిఫికెట్, కోర్టు కాగితం అన్నీ అందులోనేనట. మేం అడ్వాన్స్ కట్టాం. రసీదు అడిగితే తెల్లకాగితం మీద గీకిచ్చాడు.

మనిషిని చూడందే మిగతాది ఇవ్వనన్నాను. "చూద్దురుగానీ మేడమ్, మాట్లాడ్డం కుదరదు, ఆమెకి తెలుగు రాదు" అన్నాడు. పర్లాకిమిడిలో పుట్టి పెరిగినదానికి ఒడియా రాదనుకున్నాడు కాబోలు!

కొండమీద ఊరు ఆమెది. చంటిబిడ్డని అత్తగారి దగ్గర వదిలి వచ్చింది. ఇదివరకే ఒకసారి ఇలా మోసి ఇచ్చిందట, ఒప్పుకున్నదాంట్లో సగమే ముట్టిందట. ఆ బాకీ కలిపి ఈసారి 3 లక్షలు ఇస్తామంటే వచ్చింది. వేలిముద్ర వేసిన కాగితం ఇంగ్లీషులో ఉంది. నేను చదివాను. అందులో ఆమె మా ఆయనకి చెల్లెలి వరసట, మా బాధ చూడలేక పైసా తీసుకోకుండా మోస్తోందట, ఇదే మొదటిసారట.

2021 సరోగసీ చట్టం 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. డబ్బుకి గర్భం మోయించడం నేరం. ఆమెకి వైద్యం ఖర్చులు, 36 నెలల బీమా లాంటివే ఇవ్వొచ్చు. మోసే మనిషికి పెళ్లయి, సొంత బిడ్డ ఉండి, 25 నుంచి 35 ఏళ్ల వయసుండాలి. అదీ జన్మలో ఒక్కసారే. "ఒడిశా మనిషి, ఆంధ్రా ఆస్పత్రి, ఎవడు పట్టుకుంటాడు" అన్నాడు ఏజెంటు. కేంద్ర చట్టానికి బోర్డరేమిటి? డబ్బిచ్చి చేయించుకున్న దంపతులకీ మొదటిసారికే 5 ఏళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా ఉంది.

ఆమెకి డబ్బు, మనకి బిడ్డ, ఎవరికి నష్టం అని మా బంధువులే అడిగారు. రేపు కాన్పులో ఏమైనా అయితే ఆమె ఏం చూపించి అడుగుతుంది? ఉన్న ఒక్క కాగితమూ ఆమెకి డబ్బు అక్కర్లేదనే చెప్తోంది. నన్ను కుదిపేసింది అదే. మా అడ్వాన్స్ సంగతి ఆ తర్వాత.

బిడ్డ మనదేనన్న నమ్మకమూ లేదు. 2025లో సికింద్రాబాద్‌లో ఒక జంటకి సరోగసీ బిడ్డంటూ అప్పగించాక, డీఎన్ఏ పరీక్షలో ఆ దంపతులతో కలవలేదని బయటపడింది కదా.

నిజంగా అవసరమైనవాళ్లు జిల్లా మెడికల్ బోర్డుకీ, ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ కోర్టుకీ మీరే వెళ్లండి. "మీరు రానక్కర్లేదు, మేం చూసుకుంటాం" అన్నవాణ్ణి గుమ్మంలోంచే పంపేయండి. మోసే ఆమెతో ఏజెంటు పక్కన లేకుండా, ఆమె భాషలో మాట్లాడండి.

మా డబ్బు ఇంకా రాలేదు. ఆ ఇంగ్లీషు కాగితాన్ని ఫోన్లో ఫొటో తీసి ఉంచాను, పోలీసు ఫిర్యాదుకి జతచేశాం. మీకూ ఇలాంటిది ఇచ్చి ఉంటే చింపెయ్యకండి.