ఎంఆర్‌పీఎల్12 రీకాంబినెంట్ ప్రొటీన్: గుంటూరు ఎండల్లో వాడి చూశాక

ఎంఆర్‌పీఎల్12 అంటే మన మైటోకాండ్రియా రైబోజోమ్‌లో (ప్రొటీన్లు తయారుచేసే యంత్రం) ఉండే ఒక ప్రొటీన్. దాన్ని బ్యాక్టీరియాలో తీసి, వయల్ అనే చిన్న సీసాలో అమ్ముతారు. మేం ఈ వయల్ తెప్పించింది ఒకే పనికి. వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రొటీన్లని జెల్ మీద సైజు వారీగా విడదీసి, యాంటీబాడీతో గుర్తించే పరీక్ష) మా యాంటీబాడీ పట్టుకుంటున్నది ఎంఆర్‌పీఎల్12నేనా, ఇంకేదైనానా తేల్చుకోవాలి. ఆ పనికి దీన్ని వంకపెట్టడానికి లేదు. తర్వాత ఆశ పుట్టి వేరే పనులకీ వాడాం, అసలు సంగతులు అక్కడే తెలిశాయి.

మా ల్యాబ్‌లో నడిచేది లైనజోలిడ్ పని. మందులకు లొంగని టీబీకి ఇస్తారే, అదే. బ్యాక్టీరియా రైబోజోమ్‌ని ఆపాల్సిన ఈ మందు మన మైటోకాండ్రియా రైబోజోమ్‌కీ అడ్డుపడుతుంది. ఎక్కువకాలం వాడినవాళ్లలో లాక్టిక్ యాసిడోసిస్ (రక్తంలో లాక్టిక్ ఆమ్లం పేరుకుపోవడం) రావడం వెనక ఉన్నది ఇదే. మైటోకాండ్రియా డీఎన్ఏ చేతిలో ఉన్నది 13 ప్రొటీన్ల తయారీ మాత్రమే. వాటిని తయారుచేసే రైబోజోమ్‌లోని 80 దాకా ప్రొటీన్లు మాత్రం కేంద్రకంలోని జన్యువుల నుంచే వస్తాయి, బయట తయారై లోపలికి చేరతాయి. మందు వేసిన కణాల్లో కాక్స్1 (ఆ 13లో ఒకటి) బ్యాండ్ పలచబడుతుంటే, ఎంఆర్‌పీఎల్12 ఎంతుందో అంకెల్లో చెప్పాలంటే తెలిసిన మోతాదులో ఒక స్టాండర్డ్ కావాలి కదా.

కొనేటప్పుడు అందరూ ప్యూరిటీ శాతం చూసి సంతోషిస్తారు. నేనైతే ముందు అమైనో ఆమ్లాల వరస చూడమంటాను. పూర్తి ప్రొటీన్‌లో 198 ఉంటాయి. మొదటి 45 మైటోకాండ్రియాలోకి దారి చూపే ముక్క, లోపలికి చేరాక అది తెగిపోతుంది. మాకొచ్చింది 46 నుంచి 198 వరకు, ముందు హిస్టిడిన్ ట్యాగుతో (శుద్ధి చేయడానికి తగిలించే చిన్న ముక్క, నికెల్‌కి అంటుకుంటుంది), ఈ.కోలై బ్యాక్టీరియాలో తీసినది. కణంలో పనిచేసే రూపానికి దగ్గరిది ఇదే. ట్యాగు బరువు వల్ల జెల్ మీద మన కణాల బ్యాండ్ కన్నా కాస్త పైన కూర్చుంటుంది. కొత్తగా చేరిన ప్రతి స్కాలరూ "సార్, బ్యాండ్ సైజు తేడాగా ఉందండీ" అంటూ కంగారుగా వస్తారు. తేడా లేకపోతే నేను కంగారుపడతాను.

లేబుల్ మీది గాఢతని గుడ్డిగా నమ్మకండి. బఫర్‌లో డీటీటీ అనే రసాయనం ఉంటుంది, దాంతో ప్రొటీన్ ఎంతుందో కొలిచే మామూలు బీసీఏ పరీక్ష రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది. మేం బ్రాడ్‌ఫర్డ్ అనే వేరే పరీక్ష చేస్తాం. పలచన చేసిన ప్రొటీన్ ట్యూబు గోడలకి అంటుకుపోతుంది కూడా, అందుకని స్టాండర్డ్ కర్వ్ కోసం కలిపే డైల్యూషన్లలో కొంచెం బీఎస్ఏ (ఆవు రక్తంలోని ప్రొటీన్) వేస్తాం. కొలిచాక వేయాలి, ముందు వేస్తే బ్రాడ్‌ఫర్డ్ కొలిచేది బీఎస్ఏనే.

పుల్‌డౌన్‌కి (ఒక ప్రొటీన్‌ని బీడ్స్‌కి తగిలించి, దాంతో జతకట్టేవాటిని బయటికి లాగి చూసే పద్ధతి) వస్తే సగం మార్కులే. ఎంఆర్‌పీఎల్12 మైటోకాండ్రియా ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్‌తో (డీఎన్ఏ చూసి ఆర్‌ఎన్‌ఏ తయారుచేసే ఎంజైమ్) నేరుగా జతకడుతుందని 2007లోనే వచ్చింది. అది మా చేతుల్లోనూ చూద్దామనుకున్నాం. నికెల్ బీడ్స్‌కి కణాల ద్రవంలోని సవాలక్ష ప్రొటీన్లు వాటంతటవే అంటుకుంటాయి. ఇదే ట్యాగున్న సంబంధంలేని ప్రొటీన్ ఒకటి పక్కన కంట్రోల్‌గా పెట్టుకోనిదే ఏ బ్యాండ్‌నీ నమ్మలేం. పైగా ఈ.కోలైలో తీసినది కాబట్టి మన కణాలు ప్రొటీన్ల మీద చేసే మార్పులేవీ దీనికి ఉండవు. ఒంటరి ప్రొటీన్‌తో రైబోజోమ్ పని చూడాలనుకునేవాళ్లు అసలు దీని జోలికి పోవద్దు.

అన్నిటికన్నా తలనొప్పి రవాణా. మన దగ్గరికి ఇలాంటివి ఎక్కువగా హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో డ్రై ఐస్‌లో బయల్దేరి, విజయవాడ గోడౌన్‌లో ఆగి వస్తాయి. రోహిణి కార్తెలో ఒక పార్సిల్ శని, ఆదివారాలు అక్కడే కూర్చుంది. డబ్బా తెరిస్తే డ్రై ఐస్ ఆనవాలు లేదు. సరఫరాదారుడేమో "స్టేబుల్ ప్రొటీనేనండీ, వాడుకోండి" అన్నాడు. జెల్ నడిపితే అసలు బ్యాండ్ కింద విరిగిన ముక్కలు వరసగా కనిపించాయి. ఆ ఫోటో పంపి, మెయిళ్ల మీద మెయిళ్లు పెడితే గానీ వేరే వయల్ రాలేదు. ఇప్పుడు సోమవారం పంపితేనే తీసుకుంటామని, డబ్బాలో టెంపరేచర్ ఇండికేటర్ పెట్టాలని ఆర్డర్‌లోనే రాయిస్తున్నాం. వచ్చిన గంటలోనే చిన్నచిన్న అలిక్వాట్లు (వాటాలు) చేసి మైనస్ 80లో పెట్టేస్తాం, కరిగించినది మళ్లీ గడ్డకట్టించం. కరెంటు పోయినప్పుడు ఫ్రీజర్ తలుపు తీసి "చల్లగానే ఉందా" అని చూసే మహానుభావులు ప్రతి ల్యాబ్‌లో ఉంటారు. వాళ్ల నుంచే దీన్ని ఎక్కువ కాపాడుకోవాలి.

ధర మైక్రోగ్రాముకి వందల్లో ఉంటుంది. మిల్లీగ్రాములు కావాలంటే ఈ జన్యువున్న ప్లాస్మిడ్ (చిన్న డీఎన్ఏ చక్రం) తెప్పించుకుని మనమే బీఎల్21 అనే ఈ.కోలై రకంలో తీసుకోవడం మేలు. బ్లాట్లకి మాకు పట్టేది నానోగ్రాములే కాబట్టి మళ్లీ ఇదే రకం ఆర్డర్ పెట్టాం, సంక్రాంతి సెలవులు అయిపోయాక పంపమని.