డయాలసిస్ వాళ్ల ఇంట్లో తూకం మెషిన్: చాలాకాలం వాడాక నా మాట

డయాలసిస్ మొదలైన కొత్తలో రెండు వస్తువులు కొన్నాను. గీతలున్న ముప్పావు లీటరు సీసా ఒకటి, అద్దం పలక ఉండే డిజిటల్ తూకం మెషిన్ ఒకటి.

సీసా గురించి చెప్పడానికి పెద్దగా లేదు. నాకు మూత్రం దాదాపు ఆగిపోయింది, రోజుకి ముప్పావు లీటరు దాటొద్దన్నారు డాక్టరుగారు. పొద్దున్నే నింపి పెట్టుకుంటే ఎంత మిగిలిందో కంటికి కనిపిస్తుంది. కానీ టీ, చారు, మజ్జిగ సీసాలోకి రావుగా. అందుకే కప్పు టీ తాగితే కప్పు నీళ్లు సీసాలోంచి తులసి కుండీలో పోసేస్తాను.

అసలు పని తూకానిదే. లీటరు నీళ్లంటే కిలో బరువు. ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు, అంటే డ్రై వెయిట్, నాకు 58 కిలోలు. నాలుగు గంటల డయాలసిస్‌లో గంటకి, కిలో బరువుకి 13 మిల్లీలీటర్లకు మించి నీరు లాగకపోవడం మంచిదంటారు. నా బరువుకి అది సుమారు 3 లీటర్లు. అంతకన్నా ఎక్కువ తీయాల్సి వస్తే బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేసి ప్రాణం పోయినట్టుంటుంది. నా వంతు మంగళ, గురు, శనివారాలు. ఆదివారం, సోమవారం వరసగా ఖాళీ కదా, టెన్షన్ అంతా అప్పుడే. ఆదివారం రాత్రికే 60 చూపించిందంటే సోమవారం చారు బంద్.

రోజూ తూచుకుంటుంటే తెలిసింది ఏంటంటే, బరువు పెంచే అసలు దొంగ ఉప్పు, నీళ్లు కాదు. సెలైన్‌లో లీటరుకి 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఒంట్లో లెక్క కూడా ఇంచుమించు అదే. 9 గ్రాముల ఉప్పు లోపలికి వెళ్తే, దానికి జతగా లీటరు నీళ్లు అడిగేదాకా నాలుక ఊరుకోదు. ఆవకాయ ముద్ద తిన్న రోజు సీసా సాయంత్రానికే ఖాళీ, మర్నాడు పలక మీద అంకె సాక్ష్యం. ఇప్పుడు మా ఆవిడ నా కూర విడిగా తీశాకే మిగతాదాంట్లో ఉప్పు వేస్తుంది. లో సోడియం ఉప్పు జోలికి మాత్రం పోకండి, అందులో పొటాషియం ఉంటుంది, కిడ్నీలు పనిచేయని మనకి అది ప్రమాదం.

మెషిన్ లోపాలూ ఉన్నాయి. చాప మీద పెడితే తప్పు చూపిస్తుంది, గట్టి నేల కావాలి. సెంటర్‌లో తూకానికీ దీనికీ 400 గ్రాముల తేడా. ఆ తేడా ఎప్పుడూ ఒకటే కాబట్టి లెక్క చెడదు. కొవ్వు శాతం, నీటి శాతం అని చూపించేవి మనకి దండగ. ఒంట్లో నీరు రోజుకో తీరుగా ఉండే మనిషి దగ్గర ఆ అంకెలు నిలబడవు.

అన్నిటికన్నా పెద్ద లోపం, కండకీ నీటికీ తేడా దీనికి తెలియదు. జ్వరమొచ్చి తిండి సరిగ్గా తినక నేను చిక్కిపోయినప్పుడు అంకె 58 దగ్గరే ఉంది. పడుకుంటే మాత్రం ఆయాసం, చీలమండ మీద బొటనవేలితో నొక్కితే గుంట. కండ పోయిన చోట నీరు చేరిందన్నమాట. డాక్టరుగారు డ్రై వెయిట్‌ని 56.5కి దించాక గానీ నిద్ర పట్టలేదు. తిండి సహించి ఒళ్లు చేసినప్పుడు మళ్లీ పెంచారు.

కొనేవాళ్లు బ్లూటూత్ లేనిది, అంకెలు పెద్దగా కనిపించేది తీసుకోండి, వెయ్యి రూపాయల్లోపే వస్తుంది. సీసా కొనక్కర్లేదు, ఇంట్లో ఉన్నదాని మీద మార్కర్‌తో గీతలు గీసుకుంటే చాలు.