రాత్రి కరెంటు పుస్తకాలు

2006లో గుర్రంపోడు మండలంలో మాకున్న నాలుగెకరాల్లో బత్తాయి పెట్టాం. అప్పుడు వ్యవసాయానికి ఏడు గంటల కరెంటు, అదీ రెండు దఫాలుగా, సగం రాత్రిపూటే. ఆటో స్టార్టర్ బిగించుకొని ఇంట్లో పడుకోవచ్చు కదా బావా అని పట్నంలో ఉండే మా బామ్మర్ది అడిగేవాడు. మా బోరు నలభై నిమిషాలు నీళ్లు పోసి గాలి కొట్టేది. అప్పుడు ఆపకపోతే మోటరు కాలిపోతుంది. ఒకసారి కాలింది కూడా. నలభై నిమిషాలు నడపాలి, ఆపాలి, ఊట చేరేదాకా గంటసేపు కూర్చోవాలి, మళ్లీ నడపాలి. మోటరు కొట్టంలో ఆ గంటల్లో చదివిన పుస్తకాల గురించే ఇది. కొన్ని నాలుగైదుసార్లు చదివాను, కొన్ని పదో పేజీలో ఆపేశాను. డిగ్రీ పాసైన రైతును, అంతే. సాహిత్యం తెలిసినవాళ్లు నా మార్కులతో కొట్లాటకు దిగవద్దు.

ముందు బత్తాయి పుస్తకం సంగతి. నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర కొన్నాను. అట్ట మీద నిగనిగలాడే కాయలు, లోపల నూట ఇరవై పేజీలు. తోట వేసేదాకా అది చెప్పినవన్నీ బాగానే పనికొచ్చాయి. మొక్కకూ మొక్కకూ ఇరవై అడుగులు, ఎకరానికి నూట ఎనిమిది మొక్కలు. అంటు సాత్‌గుడి రకానిదే అయినా కింద వేరుమూలం రంగపూర్ నిమ్మదా, జంబేరిదా అని అడిగి తీసుకొమ్మని గట్టిగా చెప్పింది. మా వైపు నీటి ఎద్దడికి రంగపూర్ నిమ్మే తట్టుకుంటుంది. ఆ ఒక్క మాట ఆ పుస్తకం ధరకు వందరెట్లు విలువ చేసింది. పక్క చేను ఆయన అడగకుండా కొన్నాడు, తర్వాత సగం చెట్లు మళ్లీ నాటుకున్నాడు.

చెట్లకు జబ్బు వచ్చాకే పుస్తకం బండారం బయటపడింది. ఐదో ఏడు మొదళ్ల దగ్గర బంక కారడం మొదలైంది. పుస్తకం తీస్తే ఒకే వాక్యం: కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 100 లీటర్ల నీళ్లలో కలిపి ఒక శాతం బోర్డో మిశ్రమం పిచికారీ చేయాలి. అంతే. కలపడంలోనే అసలు విద్యంతా ఉందని ఎక్కడా లేదు. ఇంటికి సున్నం వేయగా మిగిలిన సంచి ఒకటి దొడ్లో ఉంటే అదే వాడాను. రెండేళ్ల పాత సున్నం, పొడి పొడి అయిపోయింది. నాలుగో రోజుకు లేత ఆకుల అంచులు మాడిపోయాయి. ఇరవై చెట్ల చిగురు పోయింది. పుస్తకంలో అచ్చయిన ఫోన్ నంబరుకు చేస్తే అది వేరే ఎవరిదో.

తర్వాత ఒక మిత్రుడి దగ్గర ఇంకో పుస్తకం దొరికింది. అట్ట ఊడిపోయింది, రాసినాయన పేరు కూడా లేదు. బోర్డో మిశ్రమానికి అందులో నాలుగు పేజీలు. నీళ్లు చల్లితే కుతకుత ఉడికే రాతి సున్నమే కావాలట, పొడి సున్నం పనికిరాదట. సున్నం ఒక డబ్బాలో, తుత్తం ఒక డబ్బాలో విడివిడిగా కరిగించాలి. ఇనుప బకెట్లు ముట్టొద్దు, ప్లాస్టిక్‌వో మట్టివో ఉండాలి. తుత్తం నీళ్లను సున్నపు నీళ్లలోకి పోయాలి గానీ తలకిందులు చేయొద్దు. ఆ తర్వాత అసలు మాట: శుభ్రంగా తోమిన ఇనుప కత్తి మొనను కలిపిన నీళ్లలో ఒక నిమిషం ముంచి తీయండి. మొన మీద ఎర్రగా రాగి పట్టిందంటే సున్నం చాలలేదు, అది కొడితే ఆకు మాడుతుంది. ఇంకాస్త సున్నపు నీళ్లు పోసి మళ్లీ చూడండి.

అది చదివిన రాత్రి కొడవలి తోమి, మిగిలిన పాత మిశ్రమంలో ముంచాను. టార్చి వెలుగులో చూస్తే కొసన ఎర్రటి పూత. నా చెట్లను నేనే కాల్చుకున్నానని అప్పుడు అర్థమైంది. అప్పటి నుంచి ఏ నేర్పుడు పుస్తకం చేతికొచ్చినా ముందు ఒకటే వెతుకుతాను: తప్పు చేస్తే ఎట్లా తెలుస్తుందో ఇందులో రాశారా? అది రాసినాయన ఆ పని తన చేత్తో చేసి, ఒకసారి చెడగొట్టుకొని ఉంటాడు.

ఆ అట్ట లేని పుస్తకాన్ని బైండింగ్ చేయించాను. దాని అంచులనిండా నా రాతలున్నాయి. "పాత బనియన్ గుడ్డతో వడగట్టు, లేకుంటే నాజిల్ మూసుకుపోతుంది" అని ఒకచోట. మొదలుకు పూసే పేస్టు కొలత, కిలోకు కిలో, పది లీటర్ల నీళ్లు, దాని పక్కన "బంక గీకిన రోజే పూయాలి, రేపు అనుకుంటే వారం పోతుంది" అని. నీళ్లు మొదలుకు తగలకుండా రెండు వరుసల పాదులు చేయాలని చెప్పిన పేజీలో మా జీతగాడితో జరిగిన గొడవ కూడా రాసుకున్నాను, అది మీకు అక్కర్లేదు. ఇవి కాక ఏటా వ్యవసాయ విశ్వవిద్యాలయం వేసే వ్యవసాయ పంచాంగం కొంటాను. మందుల పేర్లకు అది మంచిది, చదువుకోవడానికి కాదు.

ఇక నవలలు. ఎక్కువగా చదివింది వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి'. ఆయనది మన నకిరేకల్ దగ్గరి చెరువు మాదారం, 1915లో పుట్టాడు. ఒక టీచరుగారింట్లో వంట చేసిపెడుతూ చదువు నేర్చుకున్నాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుంటూ అమ్మాడు. నవల చదివేటప్పుడు ఇవన్నీ మనసులో ఉంటే దిమ్మెగూడెంలో కంఠీరవం పడే పాట్లు ఎవరో చెప్పుకొన్న కథలాగా అనిపించవు. దేశ్‌ముఖ్ రామభూపాల్‌రావు భూములు కాజేసే తీరు, వెట్టి, మతం మార్చుకోవడాలు, మళ్లీ వెనక్కి రావడాలు, అన్నీ ఆ రోజుల లెక్క ప్రకారమే నడుస్తాయి. మొదటిసారి చదివినప్పుడు రెండు తడులు పారేదాకా కింద పెట్టలేదు. మూడోసారికి మాత్రం ఒక లోపం కనబడింది. కొన్నిచోట్ల మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకోరు, సభలో నిలబడి చెప్పినట్టు చెబుతారు. ఆ పేజీలు ఇప్పుడు తిప్పేస్తాను. అయినా దొర ముందు నిలబడిన రైతు గొంతు ఎట్లా తగ్గుతుందో ఈయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' దాని తర్వాతే అంటాను, కానీ మా ఇంట్లో ఎక్కువ మార్కులు దీనికే. కారణం మా నాయనమ్మ. ఆమెకు చదువు రాదు, అప్పటికి ఎనభై దగ్గర పడింది. పగలు కరెంటు ఉన్న వారాల్లో చెట్టు కింద నులక మంచం వేసుకొని కూర్చునేది. ఒకరోజు ఊరికే పైకి చదివాను. గడి అంటే దొర ఉండే కోటలాంటి ఇల్లు. గడి, కరణం, బాంచెన్ అన్న మాటలు వినగానే మంచం మీద లేచి కూర్చుంది. తెల్లారి నుంచి నన్ను వదల్లేదు. "ఏం రా కొడుకా, ఆ పిల్ల సంగతి ఏమాయె?" అని పొద్దున్నే అడిగేది. ఆ పిల్ల అంటే వనజ, గడిలో ఆడబాప. గడిలో దాసిగా ఉండి దొర చెప్పినట్టల్లా వినాల్సిన పిల్లను ఆడబాప అంటారని నాకు నవల చదివాకే తెలిసింది. నాయనమ్మకు చిన్నప్పటి నుంచీ తెలుసు, ఎన్నడూ మాకు చెప్పలేదు.

సంగీతం పాడే పాణి మీద ఆమెకు గౌరవం కలగలేదు. "పాట పాడెటోనికి గడిల దుప్పటి కప్పిండ్రు. మా అవ్వ పొద్దంత వడ్లు దంచితె గటక గూడ పొయ్యలె" అంది ఒకరోజు. నవలలో నాకు నచ్చినవాడే పాణి. ఆ మాట విన్నాక అతని భాగాలు ముందులాగా చదవలేకపోయాను. రంగాచార్య గురించి ఇంకొక్క మాట. ఇంత కోపంగా రాసిన మనిషే తర్వాత నాలుగు వేదాలను తెలుగు వచనంలోకి తెచ్చాడు. నేను వాటి జోలికి పోలేదు, వేదాలకు మా బోరు ఇచ్చే గంట చాలదు.

గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' గొప్ప నవల అని అందరూ అంటారు, కాదనను. కానీ రాత్రి రెండింటికి, బోరులో నీళ్లు లేనప్పుడు, సీతారామారావు తన మీద తాను జాలిపడుతుంటే నాకు ఒళ్లు మండింది. ఆ పుస్తకం తప్పు కాదది. వానలు పడ్డ ఏడు మళ్లీ చదువుతాను.

మా ఇంటావిడ కొన్న కుట్టు నేర్చుకునే పుస్తకం కూడా ఇక్కడే చెప్పాలి. బొమ్మలు చక్కగా ఉన్నాయి, కొలతలన్నీ అంగుళాల్లో, చెస్ట్‌లో నాలుగో వంతు, ఆరో వంతు అని సూత్రాలు. ఆమె నెల రోజులు పట్టుదలగా కూర్చుంది. "గీ బొమ్మల పిల్ల లెక్క మన ఊర్ల ఎవరున్నరు?" అని చివరికి మూసేసింది. భుజాలు వంగినవాళ్లకు, బాలింతలకు ఎక్కడ ఎంత వదలాలో పుస్తకంలో లేదట. ఇప్పుడు ఎవరొచ్చినా ఆది జాకెట్టు తెమ్మంటుంది, దాన్ని పరిచి కత్తిరిస్తుంది. పుస్తకంలో ఆమె ఇంకా వాడుతున్నది ఒక్కటే, మెడల డిజైన్ల పేజీలు. ముప్పై రోజుల్లో ఇంగ్లీషు పుస్తకం కూడా ఉంది. పదకొండో రోజు దాకా పేజీలు మాసి ఉన్నాయి, పన్నెండో రోజు నుంచి కొత్త వాసన.

సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' నేను వరుసగా చదవలేదు, మీకూ అట్లా చదవమని చెప్పను. పద్యాలు ఎక్కువ, మొదట్లోనే బెదరగొడతాయి. ఎక్కడైనా తెరిచి తిండి గురించో, ఆటల గురించో, బట్టల గురించో పట్టుకోండి. కాకతీయుల నాటి ఓరుగల్లులో పూటకూళ్ల ఇంట్లో ఒక రూకకు ఏమేం వడ్డించేవారో చదివిన రాత్రి నేను తెచ్చుకున్న సద్ది నాకు రుచించలేదు. రాజుల పేర్లు పక్కన పెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టారు అని 1949లో అడిగిన మనిషి పాలమూరువాడు, ఇటిక్యాలపాడు ఆయనది. 'గోలకొండ పత్రిక' నడిపి, తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులను 'గోలకొండ కవుల సంచిక'లోకి ఎక్కించాడు. సాహిత్య అకాడమీ తెలుగుకు ఇచ్చిన మొదటి బహుమతి 1955లో ఈ పుస్తకానికే వచ్చింది, అప్పటికి ఆయన పోయి రెండేళ్లయింది.

ఈ లెక్కలన్నీ నాకంటే మా అన్న కొడుక్కు బాగా వచ్చు. గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతున్నాడు. 2014 తర్వాత సిలబస్ మారిపోయి వాడి పాత పుస్తకాలు కిరాణా కొట్టులో పొట్లాలయ్యాయి, కొత్తవి కొన్నాడు. 'ప్రజల మనిషి' రచయిత ఎవరు, పుట్టిన ఊరు ఏది, గోలకొండ కవుల సంచికలో ఎంత మంది అని అడిగితే నిద్రలో కూడా చెబుతాడు. నవల ఇస్తాను చదవరా అంటే "బాబాయ్, కథ మీద బిట్లు రావు" అన్నాడు. వాడి టెన్షన్ వాడిది. అయినా ఒక పేజీ చదివి వినిపించాను. ఫోన్ పక్కన పెట్టి విన్నాడు, రెండో పేజీకి మళ్లీ తీశాడు.

2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల కరెంటు వచ్చింది. అబద్ధమెందుకు, పంటకు మేలు జరిగింది, రాత్రి నిద్ర దొరికింది. నా చదువు మాత్రం అక్కడే ఆగినట్టయింది. పొద్దున పోయి మోటరు వేస్తాను, పగలే ఆపి మళ్లీ వేస్తాను, మధ్యలో ఫోన్ ఉంటుంది. ఏడాదికి పది నవలలు అయ్యేవి, ఇప్పుడు రెండు అయితే గొప్ప.

కొనాలనుకునేవాళ్లకు ఒక మాట. నవలలు పాతవైనా ఫర్వాలేదు, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతకండి. నేర్పుడు పుస్తకాలు మాత్రం కొనేముందు షాపులోనే నిలబడి, జబ్బులూ తప్పులూ ఉన్న చోటు తెరిచి చూడండి. అక్కడ ఒక్క వాక్యమే ఉంటే తిరిగి పెట్టేయండి. ఇంకొకటి, మోటరు కొట్టంలో పుస్తకాలను నేల మీద పెట్టకండి. మొన్న చలికాలం పాత బస్తా జరిపితే కింద చెదలు. ఇంగ్లీషు పుస్తకాన్ని, కుట్టు పుస్తకాన్ని ముట్టలేదు. 'ప్రజల మనిషి' చివరి నలభై పేజీలు తినేశాయి. కొత్త కాపీ తెప్పించాను, కానీ పాతది పారేయలేదు. తడి లెక్కలన్నీ దాని అట్ట లోపలే రాసి ఉన్నాయి.