టవర్‌ను ఆపాలా, విమానానికి ఫిల్టర్ పెట్టాలా?

మహబూబ్‌నగర్ జిల్లా దేవరకద్ర దగ్గర విమానాశ్రయం ప్రతిపాదన ఉంది. అది కట్టే రోజే వస్తే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు భూమి ధరతో పాటు 5జీ టవర్ సంగతి కూడా అడగాలి.

విమానం దిగేటప్పుడు నేల ఎంత దూరంలో ఉందో చెప్పేది రేడియో ఆల్టిమీటర్. 4200–4400 మెగాహెర్ట్జ్‌లో తరంగాన్ని కిందికి పంపి, తిరిగొచ్చే బలహీన సంకేతాన్ని అందుకుంటుంది. మన 5జీ మధ్యశ్రేణి 3300–3670. నడుమ 530 మెగాహెర్ట్జ్ ఖాళీ ఉంది. అమెరికాలో అది 220 మాత్రమే. అయినా పాత ఆల్టిమీటర్లు పక్క బ్యాండ్‌లోని 5జీ హోరును సరిగా వడకట్టలేవు; ఎత్తు తప్పుగా చూపే ప్రమాదం ఉంది.

టవర్లను ఆపడం సులువు. 2022 నవంబరులో కేంద్ర టెలికాం శాఖ చేసింది అదే: రన్‌వే రెండు చివరల నుంచి 2.1 కిలోమీటర్లు, మధ్యగీత నుంచి 910 మీటర్ల లోపు ఈ బ్యాండ్‌లో కొత్త టవర్లు వద్దంది. విమాన సంస్థలకు రూపాయి ఖర్చు లేదు. నష్టమంతా ఆ హద్దులో కాపురమున్నవారిది; వాళ్లలో విమానం ఎక్కేవారెందరో!

ఆ హోరును అడ్డుకునే ఫిల్టర్‌ను ఆల్టిమీటర్లకు అమర్చడానికి డబ్బు, సమయం కావాలి. అయినా నా మొగ్గు దీనివైపే. లోపం పాత పరికరంలో ఉన్నప్పుడు మరమ్మతూ అక్కడే జరగాలి. 2022లో టెలికాం శాఖ పెట్టిన ఆంక్ష కూడా ఆల్టిమీటర్ల మార్పు పూర్తయ్యేదాకానే అన్నది.