'మెరైన్ ప్లై' పేరుతో అమ్ముతున్న మోడల్ పడవ పలకలు: కొన్న రోజే ఉడికించి చూడండి

రేడియో కంట్రోల్ పడవలను చెక్కతో సొంతంగా కట్టుకునే మిత్రులందరికీ ఈ హెచ్చరిక. మోడల్ పడవల కోసమే సన్నగా కోసి, కట్టలు కట్టి, 'మెరైన్ ప్లై, ఐఎస్ 710' (నీళ్ళకు ఓర్చే ప్లైవుడ్, దానికున్న భారతీయ ప్రమాణం సంఖ్య) అన్న వివరణతో ఆన్‌లైన్‌లో అమ్ముతున్న పలకలను ఆ మాట ఒక్కటే నమ్మి కొనవద్దు. అలా నమ్మి రూ.3,400 పెట్టి కొన్న పలకలతో నాలుగు నెలలు కష్టపడి నేను కట్టిన రక్షణ పడవ, నీళ్ళలో దిగిన రెండో రోజుకే పొరలు పొరలుగా విచ్చుకుపోయింది. అమ్మకందారు పేరు ఇక్కడ రాయడం లేదు. ఇదే రకం సరుకు ఒకే తరహా ఫొటోలతో వేరువేరు పేర్ల మీద అమ్మకానికి కనిపిస్తోంది కనుక, పేరు కంటే సరుకును గుర్తుపట్టే పద్ధతి తెలియడమే మీకు ఎక్కువ ఉపయోగం.

మాది కోనసీమ. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక దాటి గోదావరి లంక గ్రామాలను ముంచెత్తినప్పుడు, ముసలివాళ్ళను, పసిపిల్లలను పడవల్లో గట్టుకు చేర్చడం దగ్గరుండి చూశాను. రక్షణ పడవ ఒకటి కట్టాలన్న కోరిక అప్పుడే పుట్టింది. నా మోడల్‌కు ఆధారంగా బ్రిటన్‌లో 1824 నుంచి సముద్ర రక్షణ సేవ చేస్తున్న ఆర్‌ఎన్‌ఎల్‌ఐ సంస్థ వాడిన 44 అడుగుల వేవ్నీ తరగతి పడవను తీసుకున్నాను. ఆ పడవ అలల తాకిడికి బోర్లా పడినా దానంతట అదే తిరిగి నిలబడుతుంది. బరువంతా అడుగున ఉండడం, పైనున్న గదిలోకి నీరు చొరకుండా గాలి నిలిచి ఉండడం, ఈ రెండూ కలిస్తేనే అది సాధ్యం. చెక్క నమూనాలోనూ ఆ గుణం రావాలన్నది నా పట్టుదల.

పొడవును 16వ వంతుకు తగ్గిస్తే నమూనా సుమారు 84 సెంటీమీటర్లు వస్తుంది. బరువు మాత్రం 16ను మూడుసార్లు హెచ్చవేసినంత, అంటే 4,096వ వంతుకు తగ్గాలి. అసలు పడవ సుమారు 18 టన్నులు కనుక బ్యాటరీ, రెండు మోటార్లు, అడుగున పెట్టే సీసం అన్నీ కలిపి 4.4 కిలోలు దాటకూడదు. ఈ లెక్క ఎందుకు చెబుతున్నానంటే, ఇంత తక్కువ బరువులో కట్టేటప్పుడు చెక్క పీల్చే ప్రతి వంద గ్రాముల నీరూ పడవ నడకను మార్చేస్తుంది.

ఫిబ్రవరిలో పలకలు వచ్చాయి. చూడడానికి ఎంతో నునుపుగా, అంచులు శుభ్రంగా ఉన్నాయి. అడ్డుపలకలకు 3 మిల్లీమీటర్ల ముక్కలు, పై తొడుగుకు 1.5 మిల్లీమీటర్ల ముక్కలు వాడాను. కాలువలు కట్టేసిన వేసవి నెలలన్నీ ఆ పనిలోనే గడిచాయి. కీళ్ళన్నిటికీ ఎపాక్సీ జిగురు, బయట మూడు పూతల రంగు. లోపలి వైపు మాత్రం మెరైన్ ప్లై కదా అన్న ధీమాతో ఒకే ఒక్క పూత వార్నిష్ వేశాను. ఆ ధీమా సరుకు మీది నమ్మకంతో వచ్చింది. చెక్కు చెదరని ఇత్తడి గొట్టాలు, చుక్కాని అమరిక, చేతితో చేసిన కటకటాలు పూర్తయ్యేసరికి మే నెల ముగిసింది. నీళ్ళ తొట్టిలో పరీక్షించినప్పుడు ఎన్నిసార్లు బోర్లా తిప్పినా రెండు క్షణాల్లో లేచి నిలబడింది. ఆ సాయంత్రం ఇంటిల్లిపాదీ తొట్టి చుట్టూ చేరి చూశారు.

జూన్‌లో కాలువలకు నీళ్ళు వదిలి, మా ఊరి చెరువు నిండాక పడవను దించాను. మొదటి రోజు నలభై నిమిషాలు చక్కగా నడిచింది. ఇంటికి తెచ్చి తుడిచి, మూతలు తీసి ఆరబెట్టాను. మరునాడు దించే ముందు తూచితే అర కిలో బరువు పెరిగింది. లోపల నిలిచిన నీరు ఏమీ లేదు, ఆ బరువంతా చెక్క పీల్చుకున్నదే. అప్పుడే ఆపవలసింది. ఇంకో చుట్టు చూద్దామని దించాను. పది నిమిషాలకు ఎడమ మోటారు చప్పుడు మారింది. అమరం (పడవ వెనుక భాగం) దగ్గర ప్రొపెల్లర్ గొట్టం కోసం తొలిచిన రంధ్రం చుట్టూ ప్లై ఉబ్బి, మోటారు కూర్చున్న దిమ్మె పక్కకు జరిగింది. దాంతో ఇరుసు వంకరపోయి, మోటారు ఎక్కువ కరెంటు లాగి, స్పీడ్ కంట్రోలర్ వేడెక్కి ఆగిపోయింది. ఒకే మోటారు మీద మలుపు తిరుగుతూ పడవ బోర్లా పడింది, లేవలేదు. పై గది పలకల కీలు విచ్చుకుని, అక్కడ నిలవవలసిన గాలి బుడగలుగా బయటికి పోయింది. మా తమ్ముడు నడుములోతు నీళ్ళలోకి దిగి పడవను పట్టుకొచ్చాడు. లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీని వెంటనే విడదీసి, ఇంటికి దూరంగా ఇసుక పోసిన బకెట్‌లో పెట్టాం. తడిసిన లైపోను మళ్ళీ ఛార్జింగ్‌కు పెట్టడం నిప్పుతో చెలగాటమని ఈ విద్యలో ఉన్నవారికి చెప్పనక్కరలేదు.

తప్పు నా జిగురుదేమోనని మొదట నన్నే అనుమానించుకున్నాను. కానీ ఎపాక్సీ కీళ్ళు ఎక్కడా ఊడలేదు. పలక లోపలి పొరలే విడిపోయాయి. ఒకప్పుడు ఓడల నిర్మాణానికి పేరుపడిన కోరింగ ప్రాంతంలో, తాళ్ళరేవు దగ్గర చెక్క పడవలు కట్టే మేస్త్రి గారు ఒకరున్నారు. ముక్కను తీసుకెళ్ళి చూపిస్తే ఆయన గోటితో పొరను లేపి, "ఇది చెక్క తప్పు కాదు బాబూ, జిగురు తప్పు. ఇది బీరువాలకు వాడే రకం, నీళ్ళకు ఓర్చదు" అన్నారు.

ఇంటికొచ్చి, మిగిలిన తొమ్మిది ముక్కల్లో మూడింటిని నీళ్ళలో వేసి ఉడికించాను. అరగంట గడవకముందే మూడూ కాగితాల్లా విడిపోయాయి. ఐఎస్ 710 ప్రమాణం ప్రకారం మెరైన్ ప్లైని ఫినాల్ ఫార్మాల్డిహైడ్ జిగురుతో అతికించాలి, 72 గంటలు మరుగుతున్న నీళ్ళలో ఉంచినా పొరలు పట్టు వదలకూడదు. ఇంటి సామానుకు వాడే సాధారణ ప్లైకి వేరే ప్రమాణం, ఐఎస్ 303 ఉంది. అందులో కేవలం తేమకు ఓర్చే రకానికి యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు వాడతారు. బీరువాకు అది తగినదే, దాన్ని మెరైన్ ప్లై పేరుతో అమ్మడమే మోసం.

మోసం ఎక్కడ సాగుతుందో గమనించండి. ఐఎస్‌ఐ గుర్తు, ప్రమాణం సంఖ్య, తయారీదారు లైసెన్సు సంఖ్య పూర్తి షీటు మీద ముద్రించి ఉంటాయి. ఆ షీటును జానెడు వెడల్పు ముక్కలుగా కోసి కట్ట కట్టాక ముద్ర ఏ ముక్క మీదా మిగలదు, ఉన్నది అమ్మేవాడి నోటి మాట ఒక్కటే. కనుక ముక్కలు కొనవలసి వస్తే, కోయకముందు ముద్ర కనిపించేలా తీసిన షీటు ఫొటోను, లైసెన్సు సంఖ్యను ముందే అడగండి. ఆ సంఖ్యను భారతీయ ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూడవచ్చు. అడిగినప్పుడు మాట దాటవేస్తే కొనకండి. జిగురు గీత ముదురు గోధుమ రంగులో ఉంటే మంచిదని కొందరు చెబుతారు, అందులో నిజం ఉన్నా రంగు కలపడం కష్టం కాదు కనుక దాన్ని ఒక్కదాన్నే నమ్మవద్దు. నాసిరకమైతే, అంచును భూతద్దంతో చూసినప్పుడు లోపలి పొరల మధ్య సందులు, ఒకదాని మీద ఒకటి ఎక్కిన చోట్లు కనిపిస్తాయి. నా ముక్కల్లో అవి ఉన్నాయి, నేను చూడలేదు.

అన్నిటికంటే నమ్మకమైన పని, సరుకు అందిన రోజే చిన్న ముక్క కోసి ఉడికించడం. గంటల తరబడి మరిగినా పొర లేవకపోతేనే రంపం పట్టుకోండి. నాకు అమ్మినవారు తిరిగి పంపడానికి ఇచ్చిన గడువు ఏడు రోజులు మాత్రమే. నాలుగు నెలల తర్వాత ఫిర్యాదు చేస్తే, అవి 'షోకేసులో పెట్టే నమూనాలకు మాత్రమే' అని జవాబిచ్చారు. కొన్ననాటి పేజీలో అలాంటి మాట ఎక్కడా లేదు, ఆ పేజీ చిత్రం నా దగ్గర భద్రంగా ఉంది. మీరూ కొనే రోజునే పేజీని, బిల్లును ఫొటో తీసి ఉంచుకోండి.

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, అమ్మకపు వేదిక ఫిర్యాదు అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్లు తెలిపి, నెలలోపు పరిష్కరించాలి. నాకు మొదటిది జరిగింది, రెండోది జరగలేదు. ఆ తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. రూ.5 లక్షల లోపు విలువకు అక్కడ రుసుము లేదు, రెండేళ్ళ వరకు గడువు ఉంది. ఉడికించిన ముక్కలను, ఉడికించని ఆరు ముక్కలను సాక్ష్యంగా విడివిడి సంచుల్లో దాచాను.

పడవలో మిగిలినవి ఇత్తడి భాగాలు, కుడి మోటారు, చుక్కాని, సీసం. ఈసారి మేస్త్రి గారి దగ్గరే ముద్ర ఉన్న షీటు నుంచి మిగిలిన ముక్కలు తెచ్చుకున్నాను. రెండు ముక్కలు నిన్న పొద్దున్నుంచి రాత్రి దాకా పొయ్యి మీద ఉడికాయి, ఒక్క పొర కూడా లేవలేదు. అడ్డుపలకల గీతలు ఇవాళ గీస్తున్నాను. ఆ ఆన్‌లైన్ కట్టలు ఈమధ్యే కొన్నవారు ఉంటే, తిరిగి పంపే గడువు దాటకముందే, ఈ రాత్రికే ఒక ముక్క ఉడికించండి. విడిపోతే వీడియో తీసి ఉంచండి.