చనిపోయిన సూపర్‌గర్ల్ అసలు పుట్టనే లేదట: ఏళ్ల తరబడి ‘క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్’తో

సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్ కథలు వేసే డీసీ కంపెనీ కామిక్స్ ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే చాలామంది ఠక్కున ‘క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్’ పేరు చెప్పేస్తారు. నేను చెప్పను. నా అరలో ఉన్న కామిక్స్ అన్నింట్లో ఎక్కువ చేతుల్లో నలిగింది, నేను ఎక్కువసార్లు తిరగేసింది ఇదే. అయినా కొత్తవాళ్లకి మాత్రం ఇవ్వను. సగం పేజీల్లో వీళ్లెవరో తెలియక, మిగతా సగంలో వీళ్లెందుకు ఏడుస్తున్నారో తెలియక పక్కన పడేస్తారు. ఇక్కడినుంచి కథంతా చెప్పేస్తున్నాను. నలభై ఏళ్ల నాటి కథకి స్పాయిలర్ అంటే ఒప్పుకోను.

ముందు సంగతేంటో క్లుప్తంగా. 1961లో ‘ఫ్లాష్’ 123వ సంచికలో ఇప్పటి ఫ్లాష్ వెళ్లి పాతకాలం ఫ్లాష్‌ని కలుస్తాడు. పాతవాళ్లంతా ఇంకో భూమి మీద ఉన్నారని తేల్చారు. అక్కడినుంచి భూములు పెరుగుతూనే పోయాయి. డీసీ వేరే కంపెనీల దగ్గర సంపాదించుకున్న హీరోలకి కూడా తలా ఒక భూమి కేటాయించారు. ఈ చిక్కంతా తెంపి ఒకే భూమి, ఒకే చరిత్ర చేయడానికి మార్వ్ వోల్ఫ్‌మన్ రాసి, జార్జ్ పెరెజ్ బొమ్మలు వేసిన పన్నెండు సంచికల కథ ఇది. 1985లో మొదలై 1986లో ముగిసింది. యాంటీ మానిటర్ అనేవాడు విశ్వాల్ని ఒక్కొక్కటే తుడిచేస్తూ వస్తాడు, హీరోలంతా కలిసి అడ్డుకుంటారు. విలన్ గురించి ఇంతకంటే చెప్పడానికేమీ లేదు. అరుస్తాడు, ఓడిపోతాడు, మళ్లీ లేస్తాడు.

నాది బెంగళూరు చర్చ్ స్ట్రీట్‌లో సెకండ్ హ్యాండ్‌గా కొన్న పేపర్‌బ్యాక్. 360 పేజీల పైమాటే. మెట్రోలో నిలబడి చదివే పుస్తకం కాదు. పెరెజ్ ఒక్కో పేజీలో డజన్ల కొద్దీ మనుషుల్ని ఇరికిస్తారు, వెనక వరసలో వేలెడంత బొమ్మకి కూడా దాని ముఖం దానికుంటుంది. అవన్నీ చూడాలంటే బల్ల, మంచి లైటు, కాస్త ఓపిక కావాలి. రెండు పేజీల బొమ్మలున్నచోట మధ్య మడతలోకి కొందరు హీరోలు మాయమవుతారు. వాళ్ల కోసం పుస్తకాన్ని విరిచి పట్టుకుంటే అట్ట వదులవుతుంది. నా కాపీ ఏడో సంచిక దగ్గర దానంతటదే తెరుచుకుంటుంది.

ఈ కథని విడి సంచికల్లో చదివినవాళ్లకి దొరకని సుఖం ఒకటి ఈ సంపుటంలో ఉంది. రెండో సంచికలో బ్యాట్‌మ్యాన్ జోకర్ వెంట పడుతున్నప్పుడు ఉన్నట్టుండి ఫ్లాష్ ఎదురవుతాడు. లోకం చచ్చిపోతోందని ఏదో చెప్పబోయి, వాళ్ల కళ్లముందే శుష్కించి మాయమైపోతాడు. ఏమిటిది అనుకుని ముందుకెళ్లిపోతాం. ఎనిమిదో సంచికలో ఈ ఫ్లాష్, అసలు పేరు బ్యారీ అలెన్, యాంటీ మానిటర్ యాంటీమ్యాటర్ ఫిరంగిని నాశనం చేయడానికి తన శక్తికి మించి పరుగెత్తి ప్రాణం వదులుతాడు. ఆ పరుగులో కాలం వెనక్కి తిరిగి, పాత మిత్రుల ముఖాలు కనబడతాయి, అందులో బ్యాట్‌మ్యాన్ ఉంటాడు. వేలు అక్కడ పెట్టుకుని వెనక్కి తిప్పితే అదే క్షణం అటువైపు నుంచి కనిపిస్తుంది. 1985లో చదివినవాళ్లు దీనికోసం ఆరు నెలలు ఆగాలి. మనకి పది సెకన్లు. నేనివాళ్టికీ ఎవరికైనా ఈ పుస్తకం చూపిస్తే ముందు ఈ రెండు పేజీలే చూపిస్తాను.

ఇక గొడవల సంగతి. మారతహళ్లిలో ఆంధ్ర మెస్ ఒకటుంది, ఆదివారం మధ్యాహ్నం మా కామిక్స్ గుంపు అక్కడ చేరుతుంది. అందరం తెలుగువాళ్లమే, దాదాపు అందరం ఐటీనే. అనంతపురం నుంచి వచ్చిన అన్న ఒకాయన మాకు పెద్దదిక్కు. ఏ పాత్ర ఏ సంచికలో మొదట కనిపించిందో ఆయన దగ్గర ఎక్సెల్ షీట్ ఉంది. ఆయన పార్టీ ఒకటి. బెళ్లందూరులో పనిచేసే విజయవాడ అమ్మాయిది రెండోది. మిగతావాళ్లం పప్పుచారు పోయించుకుంటూ ఎవరు గట్టిగా మాట్లాడితే వాళ్లవైపు.

గొడవంతా ఏడో సంచిక మీదే. సూపర్‌మ్యాన్‌ని కాపాడబోయి అతని బాబాయి కూతురు సూపర్‌గర్ల్ యాంటీ మానిటర్ మీదికి ఒంటరిగా వెళ్తుంది, అతని యంత్రాన్ని బద్దలు కొడుతుంది, సూపర్‌మ్యాన్ చేతుల్లో ప్రాణం వదులుతుంది. షికాగోలో సంతాపసభ, బ్యాట్‌గర్ల్ ప్రసంగం. చివర్లో సూపర్‌మ్యాన్ ఆమెని కేప్‌లో చుట్టి ఆకాశంలోకి తీసుకెళ్తూ, ఆమె లేని లోటు తనకెప్పటికీ తీరదంటాడు. ఆ మాట అన్న మరుసటి ఏడాది, 1986లో, జాన్ బర్న్ ‘మ్యాన్ ఆఫ్ స్టీల్’తో సూపర్‌మ్యాన్ కథ మొదటినుంచీ తిరగరాశారు. వాళ్లు పుట్టిన గ్రహం క్రిప్టాన్ నుంచి బతికి బయటపడింది అతనొక్కడే అన్నారు. అంటే ఆ పిల్ల లేదు. చనిపోయింది కాదు, పుట్టనే లేదు.

“అయితే ఏడో సంచికలో ఏడ్చింది ఎవరికోసం అన్నా?” అని అమ్మాయి అడుగుతుంది.

“ఏం చేస్తాం చెల్లెమ్మా, లెక్క ప్రకారం ఎవరికోసమూ కాదు” అంటాడాయన, మజ్జిగ గ్లాసు పక్కకి జరుపుతూ.

ఒక ఆదివారం ఆ అమ్మాయి ‘మాయాబజార్’ శశిరేఖ ప్రస్తావన తెచ్చింది. వ్యాసభారతంలో బలరాముడికి శశిరేఖ అనే కూతురే లేదు, అభిమన్యుడి భార్య ఉత్తర. అయినా మనలో శశిరేఖ లేదనేవాళ్లెవరైనా ఉన్నారా? ఘటోత్కచుడు ఆమె వేషం వేసి లక్ష్మణ కుమారుణ్ని ఆటపట్టించలేదని ఎవరైనా అంటారా? అన్న కాసేపాగి, “అది జనం కావాలని తెచ్చుకున్న పిల్ల. ఇది కంపెనీవాళ్లు రికార్డుల్లోంచి కొట్టేసిన పిల్ల. రెండూ ఒకటెలా అవుతాయి?” అన్నాడు. మంచి జవాబే. కానీ నాకైతే అది అమ్మాయి వాదనకే బలం అనిపించింది. లేని పిల్లని తెచ్చుకునే హక్కు మనకుంటే, ఉన్న పిల్లని కొట్టేస్తే ఒప్పుకోకుండా ఉండే హక్కూ ఉండాలి కదా. ఈ అట్టల మధ్య జరిగింది జరిగినట్టే. తర్వాత ఆఫీసులో తీసుకున్న నిర్ణయాలు ఏడో సంచికలోకి చొరబడలేవు.

పైగా ఈ పుస్తకమే ఆ బాధని తనలో పెట్టుకుంది, అది చాలామంది గమనించరు. పదకొండో సంచిక మొదట్లో ముసలి సూపర్‌మ్యాన్, అంటే పాతకాలం హీరోలుండే రెండో భూమి ఆయన, నిద్రలేచి మామూలుగా పనికి బయల్దేరతాడు. తీరా చూస్తే అది తన లోకం కాదు, భూములన్నీ కలిసి ఒకటైపోయిన లోకం. లోకాల మధ్య పరుగెత్తడానికి ఫ్లాష్‌లు వాడే ట్రెడ్‌మిల్ మీద వెతుక్కుంటూ వెళ్తే తన భూమి ఉండాల్సిన చోట శూన్యం. అందులోకే దూకబోతుంటే మిగతావాళ్లు పట్టుకుని ఆపుతారు. ఆ కొత్త లోకంలో రెండో భూమి బ్యాట్‌మ్యాన్ కూతురు హంట్రెస్ కూడా తన ఆనవాళ్లు ఎక్కడా లేవని తెలుసుకుంటుంది. లెక్కలు సరిచేసే పుస్తకంలో, కొట్టివేతకి గురైనవాళ్ల ముఖాలు ఇంత దగ్గరగా చూపించడం కథ మొదటినుంచీ తిరగరాసే ఏ రీబూట్‌లోనూ నాకు మళ్లీ దొరకలేదు.

సంపుటంగా దీనికున్న పెద్ద లోపం వేరే. పదో సంచికలో సూపర్‌బాయ్ ప్రైమ్ అనే కుర్రాడు ఊడిపడతాడు. వీడెవడు? ఏ పరిచయమూ ఉండదు. అది 1985లోనే ‘డీసీ కామిక్స్ ప్రెజెంట్స్’ 87వ సంచికలో అయిపోయింది, ఆ సంచిక ఇందులో లేదు. సూపర్‌హీరోలు కామిక్స్‌లో మాత్రమే ఉండే మన లాంటి భూమి నుంచి వచ్చాడని తెలిస్తేనే ఆ పాత్రకి అర్థం. గ్రీన్ లాంటర్న్ హీరోల్లో ఒకడైన గై గార్డ్‌నర్ సంగతీ ఇంతే, మిగతా కథ ‘గ్రీన్ లాంటర్న్’ పత్రికలో ఉంది. ఈ పక్క కథల్ని డీసీ తర్వాత కంపానియన్ పేరుతో విడి సంపుటాలుగా వేసింది. అన్న అవన్నీ చదవాల్సిందే అంటాడు. నా మటుకు ఆ ఒక్క 87వ సంచిక చాలు.

మరి ఇంతా చేసి చిక్కు తెగిందా? లేదు. సూపర్‌మ్యాన్ కుర్రతనంలో ‘సూపర్‌బాయ్’గా లేడనేసరికి, అతన్ని చూసి పుట్టిన భవిష్యత్తు హీరోల జట్టు లీజియన్ ఆఫ్ సూపర్ హీరోస్‌కి ఆధారం పోయింది, 1987లో ఒక బుల్లి విశ్వం సృష్టించి సర్దారు. అదే ఏడాది వండర్ వుమన్‌ని పెరెజే కొత్తగా మొదలుపెట్టారు. దాంతో, అంతకు ముందే కుర్ర హీరోల జట్టు టీన్ టైటన్స్‌లో వండర్ వుమన్ చెల్లెలి వరసలో ఉన్న డోనా ట్రాయ్ ఎవరికి చెల్లెలో తెలియకుండా పోయింది. డోనా పుట్టుపూర్వోత్తరాల మీద 1984లో చక్కటి కథ చెప్పింది ఈ వోల్ఫ్‌మన్, పెరెజ్ జంటే! హాక్‌మ్యాన్ జోలికి నేను వెళ్లను, అన్నకి బీపీ పెరుగుతుంది. 1994లో ‘జీరో అవర్’, 2011లో ‘న్యూ 52’ అని మళ్లీ మళ్లీ తుడిచారు. సూపర్‌గర్ల్ 2004లో, బ్యారీ 2008లో తిరిగొచ్చారు.

పెరెజ్ 2022లో పోయారు. ఆయన గీతని ఇష్టపడేవాళ్లకి ఇంకేమీ చెప్పక్కర్లేదు, కొనేయండి, వీలైతే పెద్ద సైజు ఎడిషనే. సూపర్‌మ్యాన్, టైటన్స్ పాత కథలు కొన్నైనా చదివినవాళ్లకి పేపర్‌బ్యాక్ చాలు. చదివాక ఒక్క జాగ్రత్త. పన్నెండో సంచిక చివర ముసలి సూపర్‌మ్యాన్, ఆయన భార్య లోయిస్, ఇంకో భూమి నుంచి వచ్చిన అలెగ్జాండర్ లూథర్, ఆ కుర్రాడు సూపర్‌బాయ్ ప్రైమ్ నలుగురూ ఏ బాధా లేని చోటికి వెళ్లిపోతారు. 2005లో మొదలైన ‘ఇన్ఫినిట్ క్రైసిస్’లో ఆ నలుగురికీ ఏం చేశారో చూస్తే మీకు ఈ ముగింపు పాడైపోతుంది. అందుకే అది వెంటనే పట్టుకోకండి, కనీసం కొన్ని నెలలు ఆగండి.